పాత కారుని మార్చుకోండి, దాని గుర్తింపు మాత్రం పోనివ్వకండి

అందరికీ నమస్కారం. వెనక వరుసల దాకా వినిపిస్తోంది కదా? సరే, నేరుగా విషయంలోకి వెళ్ళిపోదాం.

పాత కారు చేతికి రాగానే మనసు ముందు ఇంజిన్ మీదకే పోతుంది. పవర్ చాలట్లేదు, కొత్త ఇంజిన్ ఎక్కించేద్దాం, వెడల్పు టైర్లు వేసేద్దాం, బండిని కాస్త కిందికి దించేద్దాం. ఈ సరదా తప్పని నేను అనను, అది లేకపోతే మనం ఇవాళ ఇక్కడ కూర్చునేవాళ్ళమే కాదు. కాకపోతే స్పానర్ పట్టుకునే ముందు ఒక ప్రశ్నకి జవాబు తెలిసుండాలి. చట్టం దృష్టిలో ఈ కారుని ఈ కారుగా నిలబెడుతున్నది ఏది? అది తెలుసుకోకుండా పని మొదలుపెట్టి, ముప్పాతిక వంతు అయ్యాక తనిఖీలో పాసవ్వక, రోడ్డెక్కించడానికి లేక, అమ్ముదామంటే కాగితాలు కుదరక, షెడ్డులో గుడ్డ కప్పి వదిలేసిన కార్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. డబ్బు సంగతి అటుంచండి, ఒక మంచి కారు అలా అయిపోయింది కదా అని.

దీనికి జవాబు దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో చాలా ఏళ్ళ పాటు ఒక పాయింట్ల లెక్క నడిచింది, దాన్ని చెబితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. అసలు ఛాసిస్, అంటే కారుని మోసే అడుగు చట్రం, లేదా విడిగా ఛాసిస్ లేని కార్లలో ఆ బరువంతా తానే మోసే మోనోకాక్ బాడీ, మార్పు లేకుండా ఉంటే 5 పాయింట్లు. సస్పెన్షన్‌కి 2, యాక్సిళ్ళకి 2, గేర్‌బాక్సుకి 2, స్టీరింగుకి 2. మరి ఇంజిన్‌కి? 1. మొత్తం మీద 8 వస్తేనే పాత నంబరు నిలుస్తుంది, అందులోనూ ఛాసిస్ తాలూకు 5 ఉండి తీరాలి. మనం గుండెకాయ అనుకునే ఇంజిన్‌కి ఒక్క పాయింటు, మనం ఆలోచించకుండా గ్రైండర్ పెట్టి కోసేసే ఇనుముకి అయిదు! ఆ లెక్క తప్పితే కారుకి వేరే నంబరు, కొత్త వాహనానికి పెట్టినట్టు విడిగా పరీక్ష. నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతూ ఉంటాయి కాబట్టి మీకు వర్తించేవి మీరే సరిచూసుకోండి, కానీ దాని వెనకున్న ఆలోచన దాదాపు అన్ని చోట్లా ఒకటే.

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇంకో దారిలో వస్తుంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ, రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా మార్చకూడదు అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. ఇంజిన్ పోతే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్‌ని రిజిస్ట్రేషన్ అధికారి అనుమతితో వేసుకోవచ్చు. సీఎన్‌జీ లాంటి వేరే ఇంధనానికి మార్చాలంటే ఆమోదం ఉన్న కిట్టే వాడాలి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలైతే 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్న వాటికే ఆ హోదా ఇస్తాయి. జర్మనీలో 30 ఏళ్ళు దాటిన కార్లకి హెచ్ అక్షరంతో ప్రత్యేక నంబరు ప్లేటు ఉంది. అక్కడ నాకు బాగా నచ్చేది ఏంటంటే, ఆ కారు రోడ్డు మీదకొచ్చిన మొదటి పదేళ్ళలో జనం మామూలుగా చేయించుకునే మార్పులైతే ఒప్పుకుంటారు. అంటే ఆ కాలం నాటి స్పోర్ట్స్ కార్బ్యురేటర్లు, ఆ కాలం నాటి అల్లాయ్ చక్రాలు పెట్టుకున్నా అది చరిత్రలో భాగమే. నన్నడిగితే అన్ని దేశాలూ ఇలాగే ఆలోచించాలి.

ఇక నంబరు ప్లేటు కాదు, బాడీకి రివెట్లతో బిగించి ఉండే ఆ చిన్న ఛాసిస్ నంబరు పలక సంగతి. పెయింటు వేసేటప్పుడు పనివాళ్ళు దాన్ని పీకేసి, పెయింటు ఆరాక మామూలు పాప్ రివెట్లతో మళ్ళీ కొట్టేస్తారు. వాళ్ళకి అందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు, పని శుభ్రంగా రావాలని అలా చేస్తారు. కానీ తనిఖీ చేసే మనిషికి కనపడేది ఏంటి? ఫ్యాక్టరీ రివెట్టు కాని రివెట్టు. కొన్ని పాత అమెరికన్ కార్లలో ఆ రివెట్టు తల పువ్వు రేకుల్లా ఉంటుంది, మారిస్తే అక్కడే దొరికిపోతుంది. దొంగ బండి అనే అనుమానం ఒకసారి మొదలైతే దాన్నుంచి బయటపడటం చాలా కష్టం. కాబట్టి పలకని పీకనివ్వకండి, దాని చుట్టూ టేపు అంటించి పెయింటు వేయమనండి. 17 అక్షరాల నంబరు పద్ధతి 1980ల నుంచే స్థిరపడింది, అంతకు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో వరస, ఒక్కో చోట. మీ మోడల్‌కి నంబరు ఎక్కడెక్కడ కొట్టి ఉంటుందో ముందే వెతికి, అన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. వెల్డింగ్ చేసేవాడికి ఆ ఫోటో చూపించి, ఇక్కడ చెయ్యి పెట్టొద్దు అని చెప్పండి.

సరే, గుర్తింపు భద్రం. ఇప్పుడు ఏం మార్చాలి?

నా వరకు వరస ఇది: ముందు బండి ఆగాలి, తరవాత దారి కనపడాలి, ఆ తరవాతే పరిగెత్తాలి. ఈ వరసలో పోతే చట్టంతో గొడవ కూడా చాలా వరకు రాదు, ఎందుకంటే ఆగడానికీ కనపడటానికీ చేసే మార్పుల్లో ఎక్కువ భాగం బోల్టులతో బిగించేవే, కోత పడదు, కావాలంటే వెనక్కి తీసేయొచ్చు.

బ్రేకుల దగ్గర కాస్త ఆగుతాను. 1960ల మధ్య దాకా వచ్చిన కార్లలో చాలా వాటికి బ్రేక్ మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టే గొట్టం, ఒకే గది. నాలుగు చక్రాలకీ ఒకటే దారి. వెనక చక్రంలో ఒక చిన్న రబ్బరు వాషర్ పోయి ఆయిల్ కారిపోయిందా, పెడల్ నేలకి ఆనుతుంది, ఒక్క చక్రం కూడా పట్టదు. అమెరికాలో 1968 నుంచి కార్లకి రెండు విడి దారుల బ్రేకులు తప్పనిసరి అయ్యాయి, ఒకటి పోయినా రెండోది పట్టాలని. మీ కారు అంతకన్నా పాతదైతే మీరు చేయించాల్సిన మొదటి మార్పు ఇదే, డిస్క్ బ్రేకులు కాదు. చాలా మోడళ్ళకి తరవాతి సంవత్సరాల్లో అదే కంపెనీ ఇచ్చిన రెండు గదుల సిలిండర్ అదే చోట పడుతుంది, లేదా కొద్ది తేడాతో పడుతుంది, రెండు గొట్టాలు కొత్తగా వంచుకుంటే సరిపోతుంది.

డిస్కులు వేయించుకుంటామన్నా మంచిదే, కానీ అది విడి భాగం మార్చడం కాదు, మొత్తం వ్యవస్థని మార్చడం. డ్రమ్ బ్రేకులో, అంటే చక్రంతో తిరిగే డబ్బాకి లోపలి నుంచి షూ అనే వంపు ముక్క ఆనే రకంలో, చక్రం తిరిగే ఊపే షూని ఇంకాస్త లోపలికి లాగి అదనంగా పట్టేలా చేస్తుంది. డిస్కుకి, అంటే తిరిగే పళ్ళేన్ని ప్యాడ్లు రెండు వైపులా నొక్కే రకానికి, ఆ సాయం లేదు, అంతా మీ కాలే ఇవ్వాలి. అందుకే పాత మాస్టర్ సిలిండర్‌తోనే డిస్కులు బిగించుకున్నవాళ్ళు "కొత్త బ్రేకులు వేయించాక బండి ఇంకా ఆగట్లేదేంటి" అంటారు. సర్వో, అంటే ఇంజిన్ పీల్పు (వాక్యూమ్) సాయంతో కాలి బలాన్ని పెంచే భాగం, కావాలి, లేదా సిలిండర్ లోపలి వ్యాసం మారాలి. వ్యాసం తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది, పెడల్ మాత్రం ఎక్కువ దూరం దిగుతుంది. డ్రమ్ముల కోసం చేసిన సిలిండర్‌లో కొంచెం ఒత్తిడి ఎప్పుడూ నిలిచి ఉండేలా ఒక వాల్వు ఉంటుంది, దాన్ని అలాగే ఉంచి డిస్కులకి కలిపితే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి, పది కిలోమీటర్లు నడిపేసరికి చక్రం ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇంకోటి, ముందు వెనకల పాళ్ళు. గట్టిగా నొక్కినప్పుడు వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి గిర్రున తిరిగిపోతుంది. రోలర్ల మీద చక్రం చక్రానికీ ఎంత పట్టు వస్తోందో కొలిచే యంత్రం మీద ఒక్కసారైనా పెట్టించి, ఆ కాగితం దాచుకోండి.

రబ్బరు బ్రేకు గొట్టాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బయటికి నిగనిగలాడుతూ ఉంటాయి కాబట్టి వీటిని ఎవరూ మార్చరు. లోపలి పొర ఉబ్బి, పెడల్ నొక్కితే ఆయిల్‌ని పోనిస్తుంది, వదిలితే వెనక్కి రానివ్వదు. బండి ఒక పక్కకి లాగుతుంది. అందరూ స్టీరింగు చూస్తారు, చక్రాల అలైన్‌మెంట్ చూస్తారు, తప్పు ఆ గొట్టంలో ఉంటుంది.

ఇప్పుడు వెలుతురు. పాత హెడ్‌లైట్లు దీపాల్లా ఉన్నాయని వెంటనే ఎల్‌ఈడీ బల్బులు కొంటారు. కొనే ముందు ఒక మల్టీమీటర్ తీసుకోండి. ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి, బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి, తరవాత బల్బు వెనక కనెక్టర్ దగ్గర చూడండి. పాత కార్లలో కరెంటు బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్ దాకా పోయి, అక్కడి నుంచి డిప్పర్ స్విచ్‌కి పోయి, మళ్ళీ ముందుకొచ్చి బల్బుకి చేరుతుంది. దారి పొడుగునా సన్నటి తీగ, అరిగిన స్విచ్, తుప్పు పట్టిన ఎర్త్. బల్బు దగ్గర వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. అంటే బల్బుది తప్పు కాదు, దానికి చేరాల్సింది చేరట్లేదు. రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసే స్విచ్‌లు), ఒక ఫ్యూజు పెట్టె, లావుపాటి తీగ, హెడ్‌లైటు వెనక నుంచి బాడీకి కొత్త ఎర్త్, ఇంతే. పాత స్విచ్ ఇక రిలేని మాత్రమే తట్టి లేపుతుంది, అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. రాత్రి రోడ్డు చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. లైటు మారలేదు, బల్బు మారలేదు, కాబట్టి మామూలుగా తనిఖీలో దీనికి అభ్యంతరం ఉండదు. నాకు తెలిసి పాత కారుకి ఇంత తక్కువ పనితో ఇంత మేలు చేసే మార్పు ఇంకోటి లేదు.

ఎల్‌ఈడీ ఎందుకు వద్దంటున్నానంటే, హాలోజెన్ లైటు అద్దాన్ని ఫిలమెంటు ఎక్కడుంటుందో లెక్కవేసి తయారు చేస్తారు. కాంతి పుట్టే చోటు కొద్దిగా జరిగినా వెలుతురు రోడ్డు మీద కాక ఎదుటి వాడి కళ్ళలో పడుతుంది. మనకి బాగా కనపడుతున్నట్టే ఉంటుంది, అదే మోసం. అమెరికాలో హాలోజెన్ హెడ్‌లైటులో ఎల్‌ఈడీ బల్బు పెట్టడాన్ని కేంద్ర ప్రమాణం ఒప్పుకోదు. కొన్ని దేశాల్లో ఫలానా కారుకి ఫలానా బల్బు అని విడిగా అనుమతి పట్టిక ఉంటుంది, అందులో మన పాత కారు ఉండే అవకాశం తక్కువ. లైటు మొత్తం మార్చాలనుకుంటే అద్దం మీద ఆమోద ముద్ర ఉందా చూడండి, ఎడమ వైపు నడిపే దేశానికి చేసిందా, కుడి వైపు నడిపే దేశానికి చేసిందా అన్నది కూడా చూడండి. తప్పు వైపుది బిగిస్తే ఎదురొచ్చేవాళ్ళకి నరకమే. వెనక లైట్లకీ ఇండికేటర్లకీ ఎల్‌ఈడీ పెడితే ఇండికేటర్ గబగబా కొట్టుకుంటుంది, లేదా అసలు కొట్టుకోదు, ఇండికేటర్‌ని కొట్టుకునేలా చేసే పాత ఫ్లాషర్‌కి అంత తక్కువ కరెంటు చాలదు, దాన్ని కూడా మార్చాలి. 1960ల దాకా చాలా బ్రిటిష్ కార్లకి పాజిటివ్ ఎర్త్, అంటే బాడీకి కలిపేది బ్యాటరీ నెగెటివ్ కాదు, పాజిటివ్. అది చూసుకోకుండా ఎలక్ట్రానిక్ సామాను బిగిస్తే బిగించిన క్షణంలోనే కాలిపోతుంది.

టైర్ల గురించి క్లుప్తంగా. పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గీతలు నిండుగా ఉన్నా ఇరవై ఏళ్ళ టైరు మీద ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టకండి. ముందు ఇప్పటి రకం రేడియల్, వెనక లోపలి దారాలు అడ్డదిడ్డంగా అల్లిన పాత రకం క్రాస్‌ప్లై ఎప్పుడూ కలపకండి, అది ప్రమాదం, చాలా చోట్ల నేరం కూడా. టైరు బయటి వ్యాసం 5 శాతం పెరిగితే స్పీడోమీటర్ 100 చూపించేటప్పుడు మీరు 105లో వెళ్తుంటారు. టైరు మడ్‌గార్డు బయటికి పొడుచుకు రాకూడదు. అంతే.

స్ప్రింగులు కోసి బండిని దించడం మాత్రం దయచేసి వద్దు. చుట్టు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, గుంతలో చక్రం పూర్తిగా కిందికి జారినప్పుడు దాని కూర్చునే చోటు నుంచి తప్పుకోవచ్చు కూడా. పైగా హెడ్‌లైటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో కూడా నియమం ఉంటుంది, అమెరికాలో అయితే కనీసం 22 అంగుళాలు. ఆ కారుకే తయారు చేసిన పొట్టి స్ప్రింగులు దొరుకుతాయి, అవి వాడండి, పాతవి దాచండి.

సీటు బెల్టులు. మనకి తెలిసిన మూడు చోట్ల బిగించే బెల్టు 1959లో వోల్వో ఇంజనీర్ నిల్స్ బోలిన్ తెచ్చింది. అంతకన్నా పాత కార్లకి బెల్టు లేకపోవడం చాలా దేశాల్లో నేరం కాదు. ఉండి తీరాలని చట్టం అడగకపోయినా పెట్టించుకోండని నేను అడుగుతున్నాను. అయితే ఒకసారి పెట్టాక అది తనిఖీకి నిలవాలి. పలచటి నేల రేకుకి రంధ్రం చేసి బోల్టు బిగిస్తే గుద్దుకున్నప్పుడు ఆ బోల్టు రేకుని చింపుకుని వచ్చేస్తుంది. అడుగున మందపాటి ఉక్కు పలక వెల్డు చేసి, దానికి నట్టు పెట్టి, బెల్టుల కోసమే చేసే గట్టి బోల్టులు వాడాలి. భుజం దగ్గరి పట్టు భుజం కన్నా కిందికి ఉండకూడదు, ఉంటే గుద్దుకున్నప్పుడు బెల్టు వెన్నుపూసని కిందికి నొక్కేస్తుంది. రెండు తలుపుల పాత కార్లలో పక్క స్తంభం లేని చోట ఇది నిజంగా కష్టమైన పని, దీనికి మాత్రం తెలిసిన ఇంజనీర్ చేత గీయించుకోండి, ఊహించి చేయకండి.

ఇంజిన్‌కి వచ్చాం. ముందు కంటికి కనపడని మార్పులు చేయండి. ప్లగ్గులకి నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, కరెంటుని తెంచి కలిపే పాయింట్లు తీసేసి, మూత కిందే ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టొచ్చు, పాయింట్లు డబ్బాలో ఉంచుకుంటే పావుగంటలో పాత పద్ధతికి వచ్చేయొచ్చు. సీసం లేని పెట్రోలుకి పాత ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు అరిగిపోతాయి, హెడ్ విప్పిన రోజునే గట్టిపరిచిన సీట్లు వేయించండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరుని తినేస్తుంది, ఇంధనపు గొట్టాలన్నీ దానికి తట్టుకునే రకానివి వేయించండి, ఇది సోకు కాదు, మంటలు రాకుండా చేసే పని.

ఇంజిన్‌నే మార్చాలంటే అప్పుడు పొగ నియమాల గొడవ. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ళకి పొగ పరీక్ష లేదు. 1976 నుంచి ఉంది, వాటికి వేసే ఇంజిన్ కారు సంవత్సరానిదో అంతకన్నా కొత్తదో అయి ఉండాలి, ఆ ఇంజిన్‌తో వచ్చిన కాలుష్య సామాను మొత్తం దాంతో పాటే రావాలి. కొత్త ఇంజిన్ తెచ్చి పాత కార్బ్యురేటర్ తగిలిస్తాం అంటే కుదరదు. గేర్‌బాక్సు కూడా అంతే, అయిదు గేర్ల పెట్టె బోల్టులతో పడితే హాయి, నేల మధ్య ఉండే సొరంగాన్ని కోసి వెడల్పు చేయాల్సి వస్తే అది బాడీని కోయడమే. మార్పు గేర్‌బాక్సులోది అనుకుంటారు, చట్టానికి అది మోనోకాక్‌లోది. ఈ ఒక్క తేడా దగ్గరే ఎక్కువ మంది చిక్కుకుంటారు.

కాగితాల పని మొదట చేయండి, చివర కాదు. ఏం చేయబోతున్నారో ఒక పేజీలో రాసి, రిజిస్ట్రేషన్ వాళ్ళనో, తనిఖీ చేసే ఇంజనీర్‌నో ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నోటి మాట ఇచ్చిన ఆ అధికారి రేపు బదిలీ అయిపోతాడు. అదే పేజీ బీమా కంపెనీకి కూడా పంపండి. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజున బయటపడుతుంది, ఆ రోజు క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్ళకి అదొక్కటి చాలు.

ఆఁ, అక్కడ చెయ్యెత్తారు, అడగండి. ఎలక్ట్రిక్‌గా మార్చడం గురించి. మంచి ప్రశ్న, వస్తుందనుకుంటూనే ఉన్నాను.

చేయొచ్చు, కొన్ని దేశాలు దానికి దారి కూడా వేశాయి, ఫ్రాన్స్ 2020లో పాత వాహనాలని ఎలక్ట్రిక్‌గా మార్చడానికి నియమాలు తెచ్చింది. బరువు చూసుకోవాలి, మొత్తం బరువే కాదు, ముందు యాక్సిల్ మీద ఎంత, వెనక దాని మీద ఎంత అని విడివిడిగా తూయించాలి. ఇంజిన్ పోతే దాని వాక్యూమ్ కూడా పోతుంది, బ్రేక్ సర్వోకి విడిగా పంపు పెట్టాలి, దీన్ని మర్చిపోయేవాళ్ళున్నారు. ఇక అది పాతకాలపు కారుగా లెక్కకి వస్తుందా అంటే, పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2019లో చెప్పింది, అలా మార్చినవి తమ నిర్వచనంలోకి రావని. చేసే మార్పు వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలని, తీసిన భాగాలన్నీ దాచి ఉంచాలని కూడా సూచించింది. అందుకని బ్యాటరీ పెట్టెల కోసం ఛాసిస్‌కి రంధ్రాలు చేయకుండా, ఇంజిన్ బిగించి ఉన్న పాత బోల్టు చోట్లనే వాడుకునేలా ఫ్రేము చేయించండి. తీసిన ఇంజిన్ అమ్మేయకండి, నంబరు కనపడేలా ఫోటో తీసి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, ప్లగ్గులు బిగించి, కన్నాలన్నీ మూసి ఉంచండి. రేపు మీ తరవాత ఆ కారు ఎవరి చేతికి వెళ్ళినా ఆ ఇంజిన్‌ని కూడా దాంతో పాటే ఇవ్వండి.